మండవల్లి

మండవల్లి ఆంధ్రప్రదేశ్‌లోని ఏలూరు జిల్లాలో, కొల్లేరు సరస్సుకు దక్షిణపు అంచున ఉన్న గ్రామం. అదే పేరు గల మండలానికి కేంద్రం. కృష్ణా డెల్టా తూర్పు కొసన, కాలువ నీరు పారే వరిపొలాలకూ కొల్లేటి పల్లానికీ నడుమ ఈ మండలం విస్తరించి ఉంది. వరి, చేపల చెరువులు, సరస్సులో వేట ఇక్కడి ప్రధాన జీవనాధారాలు. గుడివాడ–భీమవరం రైలుమార్గం, పామర్రు నుంచి కైకలూరు మీదుగా పాలకొల్లు వైపు వెళ్లే 165వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి గుండా సాగుతాయి. 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలో ఉన్న మండలం ఆ రోజున ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరింది.

ఈ ప్రాంతమంతటా నేల ఎత్తులో తేడా కొద్ది అడుగులే. అయినా ఏ పొలంలో వరి పండాలి, ఎక్కడ చెరువు తవ్వాలి, ఏ ఊరి బాట వరదకు మునుగుతుంది, ఏ భూమి కొల్లేరు అభయారణ్యం కిందికి వస్తుంది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ తేడాలోనే ఉంది. మండవల్లి భూగోళాన్నీ చరిత్రనూ కలిపి చదవవలసి రావడానికి కారణం ఇదే.

స్థానం, సరిహద్దులు

మండవల్లి సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.2 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మండలానికి తూర్పున కైకలూరు మండలం, దక్షిణ, నైరుతి దిక్కుల్లో ముదినేపల్లి మండలం, ఆగ్నేయాన కలిదిండి ప్రాంతం, వాయవ్యాన నందివాడ మండలం ఉన్నాయి. ఉత్తరాన కొల్లేరు పరుచుకుని ఉంటుంది. సరస్సు దాటితే ఏలూరు పరిసర గ్రామాలు. దగ్గరి పట్టణాలు తూర్పున కైకలూరు, పడమట గుడివాడ. జిల్లా కేంద్రం ఏలూరుకు కొల్లేటిని దాటి పోయే రోడ్డు మీదుగా చేరుకుంటారు.

మండలంలోని గ్రామాలను భూస్వరూపాన్ని బట్టి రెండు వరుసలుగా చెప్పుకోవచ్చు. రైలుమార్గానికీ కాలువలకూ చేరువగా ఉన్న వరుసలో మండవల్లి, లోకుమూడి, భైరవపట్నం, కానుకొల్లు, పుట్లచెరువు, సింగనపూడి, ఉనికిలి, లింగాల, చావలిపాడు వంటి ఊళ్లున్నాయి. సరస్సు వైపు వరుసలో పెనుమాకలంక, నందిగామలంక, ఇంగిలిపాకలంక, కొవ్వాడలంక, మణుగునూరు, నుచ్చుమిల్లి, చింతపాడు వంటివి ఉన్నాయి. మొదటి వరుసలో సేద్యం ముందు, చేపలు తరువాత వచ్చాయి. రెండో వరుసలో చేపే మొదటినుంచీ బతుకుతెరువు.

నైసర్గిక స్వరూపం

కృష్ణా, గోదావరి నదులు వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు సముద్రంలోకి రెండు డెల్టాలుగా పెరిగింది. ఆ రెండు డెల్టాల మధ్య పూడకుండా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. ఒకప్పుడు సముద్రపు నీరు ఈ దరిదాపులకు వచ్చేదనడానికి సరస్సుకు దక్షిణాన కనిపించే పాత ఇసుక మేటలు ఆధారం. తీరం క్రమంగా దక్షిణానికి జరిగిపోగా, లోపల మిగిలిన ఉప్పునీటి కయ్య నదుల, వాగుల నీటితో మంచినీటి సరస్సుగా మారింది.

మండవల్లి నేల ఎక్కువగా బంకమట్టితో కూడిన నల్ల ఒండ్రు. వేసవిలో నెర్రెలు విచ్చి, వాన పడగానే ఉబ్బి నీటిని పట్టి ఉంచే ఈ మట్టి వరికి అనుకూలం. చెరువు గట్టు వేయడానికీ పనికొస్తుంది, ఎందుకంటే ఇందులోంచి నీరు త్వరగా ఇంకదు. ఇక్కడ మెట్టలు, కొండలు, అడవులు లేవు. ఊళ్లు చుట్టుపక్కల పొలాల కంటే కాస్త మెరకగా, మట్టి పోసి ఎత్తు చేసుకున్న దిబ్బల మీద ఉంటాయి. కాలువగట్ల మీద తాడి, కొబ్బరి చెట్లు, ఊళ్లలో వేప, రావి, చింత చెట్లు సాధారణం. సరస్సు అంచుల్లో జమ్ము, తుంగ, తామర పెరుగుతాయి. బయటి నుంచి వచ్చిన గుర్రపుడెక్క మురుగు కాలువలను కప్పేస్తుంది.

కొల్లేరు విస్తీర్ణం స్థిరంగా ఉండదు. నీరు సముద్రమట్టానికి 3 అడుగుల ఎత్తున నిలిచినప్పుడు సరస్సు దాదాపు 135 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల ఎత్తుకు 308. 10 అడుగులకు చేరితే 901 చదరపు కిలోమీటర్లు. అంటే నీరు 7 అడుగులు పెరిగితే సరస్సు ఆరు రెట్లకు పైగా విస్తరిస్తుంది. ఈ సమోన్నత రేఖలను స్థానికులు ‘మూడో కాంటూరు’, ‘ఐదో కాంటూరు’ అని నిత్యవ్యవహారంలో పిలుస్తారు. మండవల్లి మండలం ఉత్తర భాగం ఈ రేఖల పరిధిలోనే ఉంది. (చూడండి: కొల్లేరు అభయారణ్యం, చట్టం)

నీటి వ్యవస్థ

మండలానికి నీరు ఒక వైపు నుంచి కాలువల ద్వారా వస్తుంది, మరో వైపు మురుగు కాలువల ద్వారా పోతుంది. ఈ రెండిటి మధ్య సమతూకం మీదే పంట ఆధారపడుతుంది.

*సాగునీరు.* విజయవాడ దగ్గర కృష్ణానది నుంచి బయలుదేరే తూర్పు డెల్టా కాలువల చివరి ఆయకట్టులో మండవల్లి ఉంది. ఈ ప్రాంతానికి నీరు తెచ్చే ప్రధానమైన కాలువ పోల్‌రాజ్ కాలువ. దాని నుంచి పిల్లకాలువలు, బోదెల ద్వారా నీరు పొలాలకు చేరుతుంది. కాలువ శివారు కావడంతో నీరు ఆలస్యంగా అందడం, ఎగువన వాడకం పెరిగితే ఇక్కడ కొరత పడటం పాత సమస్య. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీరు కృష్ణా డెల్టాకు తోడవడంతో ఖరీఫ్ ఆరంభపు ఇబ్బంది కొంత తగ్గింది.

*మురుగు.* పొలాల్లో మిగిలిన నీరు, చెరువుల నుంచి వదిలిన నీరు డ్రెయిన్ల ద్వారా ఉత్తరంగా కొల్లేటిలో పడుతుంది. ఈ డ్రెయిన్లలో వాలు చాలా తక్కువ. సరస్సు నిండితే నీరు ముందుకు పోదు. కొన్నిసార్లు వెనక్కి ఎగదన్ని పొలాల్లోకే వస్తుంది. అందుకే కాలువ ఎండినప్పుడు ఎంత నష్టమో, డ్రెయిన్ పూడినప్పుడు కూడా ఇక్కడి రైతుకు అంతే నష్టం.

*కొల్లేటి రాకపోకలు.* బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు కొల్లేటిలో కలిసే ముఖ్యమైన వాగులు; వీటితోపాటు డజన్ల కొద్దీ కాలువలు, డ్రెయిన్లు కలుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. ఇది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏటిలో పూడిక, ఒడ్డుల ఆక్రమణ, సముద్రపు పోటు కలిసినప్పుడు నీరు దిగడం మందగిస్తుంది. వేసవిలో సరస్సు మట్టం తగ్గినప్పుడు ఇదే దారిన ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. మండవల్లి మండలంలోని పెదఎడ్లగాడి, చినఎడ్లగాడి వంతెనల కింద సరస్సు పైభాగం నుంచి నీరు ఉప్పుటేటి వైపు సాగుతుంది. వరద రోజుల్లో కొల్లేటి మట్టాన్ని ఇక్కడ కొలుస్తారు. ఖానాల దగ్గర పేరుకున్న గుర్రపుడెక్కను తొలగించడం వరద సన్నాహాల్లో తప్పనిసరి పని.

వాతావరణం

వేసవి, వానాకాలం, చలికాలం స్పష్టంగా తెలిసే తీరప్రాంత వాతావరణం ఇది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు వానలిస్తాయి. ఏడాది మొత్తం వర్షపాతం సుమారు 1000 మిల్లీమీటర్లు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో పుట్టే తుపానులు వరి గింజ గట్టిపడే వేళ వచ్చి చేను పడగొట్టడం తరచూ జరుగుతుంది. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ డెల్టా చరిత్రలో అతిపెద్ద ప్రకృతి విపత్తులు.

చరిత్ర

*ప్రాచీన, మధ్య యుగాలు.* కొల్లేటికి ఉత్తరాన ఉన్న వేంగి, నేటి పెదవేగి, నాలుగు, ఐదు శతాబ్దాల్లో శాలంకాయనుల రాజధాని. ఏడో శతాబ్ది ఆరంభం నుంచి తూర్పు చాళుక్యులు వేంగిని ఏలారు. సరస్సుకు పడమట గుడివాడ ప్రాంతంలో బౌద్ధస్తూపపు శిథిలాలు బయటపడ్డాయి. శాసనాల్లో ఆ సీమ గుద్రవార విషయంగా కనిపిస్తుంది. మండవల్లి ఈ రెండు పురాతన కేంద్రాల నడుమ ఉంది.

11వ శతాబ్ది నుంచి 13వ శతాబ్ది వరకు కొల్లేటి ప్రాంతాన్ని కొలనువీడు లేదా సరసీపురి కేంద్రంగా కొలని నాయకులు పాలించారు. చోళ యువరాజుగా వేంగిలో ఉన్న విక్రమచోళుడు కొలనికి చెందిన తెలుగు భీముణ్ణి ఓడించినట్టు చోళ శాసనాలు చెబుతాయి. నీటి నడుమ కోట కట్టుకుని ఉన్న ఈ నాయకులను లొంగదీయడం పెద్ద రాజ్యాలకు కూడా సులభం కాలేదు. తరువాత ఈ సీమ కాకతీయుల ఏలుబడిలోకి, అటుపైన రెడ్డిరాజుల, గజపతుల, గోల్కొండ సుల్తానుల పాలనలోకి వచ్చింది.

గజపతుల కాలానికి చెందిన ఒక ఐతిహ్యం నేటికీ కొల్లేటి గ్రామాల్లో వినిపిస్తుంది. లాంగూల గజపతి కొల్లేటికోటలో ఉండగా శత్రువులు చిగురుకోట దగ్గర విడిది చేశారనీ, సరస్సు నీటిని సముద్రంలోకి దింపి కోటను పట్టుకోవాలని కాలువ తవ్వారనీ, గజపతి సేనాని విజయం కోరి తన కూతురినే బలి ఇచ్చాడనీ, ఆ కాలువే ఉప్పుటేరు అనీ ఆ కథ. ఆ కాలువకున్న ‘పేరంటాల కనుమ’ అన్న పేరు ఆ కథతోనే ముడిపడి ఉంది. ఉప్పుటేరు పుట్టుకకు ఇది చారిత్రక ఆధారం కాదు. కొల్లేటి మట్టాన్ని దించడమంటే ఆ సీమపై అధికారం చేజిక్కించుకోవడమే అన్న గ్రహింపు మాత్రం ఆ కథలో కనిపిస్తుంది.

*కంపెనీ పాలన, ఆనకట్ట.* 1753లో ఈ ప్రాంతం ఉన్న ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీ అధీనంలోకి వచ్చాయి. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్నాన్ని పట్టుకోవడంతో ఫ్రెంచి ప్రాబల్యం ముగిసింది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో, మరుసటి ఏడాది నిజాముతో కుదిరిన ఒప్పందంతో సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి.

1832–33లో వచ్చిన డొక్కల కరువు కృష్ణా తీర జిల్లాల్లో లక్షల మందిని బలిగొంది. గోదావరి మీద సర్ ఆర్థర్ కాటన్ కట్టిన ఆనకట్ట ఫలితం చూశాక, విజయవాడ దగ్గర కృష్ణానది మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆ పని నడిపించాడు. ఆ ఆనకట్ట నుంచి తూర్పుగా తవ్విన కాలువలు కొల్లేటి అంచు వరకు వచ్చాయి. వానల మీద, సరస్సు ఒండ్రు మీద ఆధారపడిన సేద్యం కాలువ నీటి సేద్యంగా మారింది. కాలువలు పడవల రాకపోకలకు కూడా పనికొచ్చాయి. అదే సమయంలో పొలాల్లో మిగిలిన నీరంతా కొల్లేటికి చేరడం మొదలైంది.

*జిల్లాల మార్పులు.* 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా ఏర్పాటు చేశారు. 1904లో గుంటూరు విడిపోగా, గోదావరి జిల్లా నుంచి ఏలూరు, భీమవరం, నరసాపురం వంటి తాలూకాలు కృష్ణాలో కలిశాయి. 1925లో ఆ తాలూకాలతో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. అప్పుడు కొల్లేరు రెండు జిల్లాల మధ్య హద్దయింది. దక్షిణ తీరంలోని కైకలూరు, మండవల్లి ప్రాంతం కృష్ణాలోనే ఉండిపోయింది. దాదాపు శతాబ్దం తరువాత 2022 ఏర్పాటుతో సరస్సు దక్షిణ తీరమూ ఏలూరు పాలనలోకి వచ్చింది.

*రైలుమార్గం.* విజయవాడ–మచిలీపట్నం రైలుమార్గం 1908లో, గుడివాడ–భీమవరం మార్గం 1928లో వచ్చాయి. మీటరుగేజిగా వేసిన గుడివాడ–భీమవరం మార్గాన్ని 1960ల ఆరంభంలో బ్రాడ్‌గేజిగా మార్చారు. ఏడాదిలో చాలా నెలలు పడవే దిక్కుగా ఉన్న సీమకు ఇది అన్ని కాలాల్లోనూ నడిచే తొలి దారి. బియ్యం, చేపలు దూరప్రాంతాలకు పోవడానికి ఇది మార్గమైంది.

*స్వాతంత్ర్యం తరువాత.* 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ముగిశాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. 1952లో పాత కృష్ణా ఆనకట్ట దెబ్బతినడంతో దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. 1960లలో వరుస ముంపుల తరువాత డెల్టా మురుగు సమస్యను, కొల్లేటి నీటి విడుదలను మిత్రా కమిటీ పరిశీలించింది. డ్రెయిన్ల అభివృద్ధికి నిధుల కోసం 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడినప్పుడు, అప్పటివరకు కైకలూరు తాలూకాలో ఉన్న గ్రామాలతో మండవల్లి మండలం ఏర్పాటయింది.

ఆర్థిక జీవనం

*వరి.* మెరక ఊళ్లలో ప్రధాన పంట సార్వా (ఖరీఫ్) వరి. జూన్, జూలైలో కాలువలకు నీరు వదిలాక నారుమళ్లు పోస్తారు. జూలై, ఆగస్టుల్లో ఊడ్పులు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు. కూలీల కొరత వల్ల నాట్లకు బదులు విత్తనం వెదజల్లే పద్ధతి, కోతకు యంత్రాలు వాడుకలోకి వచ్చాయి. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన ఎంటీయూ 7029, అంటే ‘స్వర్ణ’ రకం, ఎక్కువ తేమను తట్టుకుని మంచి దిగుబడి ఇవ్వడంతో డెల్టా అంతటా పాతుకుపోయింది. నీరున్న ఏడాది దాళ్వా (రబీ వరి) వేస్తారు. నీరు లేకపోతే సార్వా కోతకు ముందే తడి చేలో మినుములు చల్లుతారు. మట్టిలో మిగిలిన తేమతో ఆ పంట చేతికొస్తుంది.

*సంప్రదాయ వేట.* లంక గ్రామాల్లో వడ్డీ కులస్థులు తరతరాలుగా కొల్లేటి మీద ఆధారపడినవారు. తాటి దోనెలు, వలలు, వెదురు మావులు వారి పనిముట్లు. నీరు వచ్చి పోయే దారిలో మావును మునిగేలా పాతి ఉంచితే లోపలికి పోయిన చేప బయటికి రాలేదు. కొరమీను, మట్టగిడస, గొరక, వాలుగ, జెల్ల, మార్పు ఇక్కడి సహజ చేపలు. వీటిలో కొరమీను, గొరక, మార్పు వంటివి పైగాలిని కూడా పీల్చుకోగలవు. సరస్సు అడుగంటే వేసవిలో కూడా అవి తట్టుకోగలగడం ఇందుకే. నీరు తగ్గిన నెలల్లో సరస్సు అడుగున వరి సాగు చేయడం, పశువులను, గేదెలను మేపడం కూడా వేటతోపాటు నడిచేవి.

*చేపల చెరువులు.* 1970ల రెండో భాగంలో ప్రభుత్వం కొల్లేటి మత్స్యకారులను సహకార సంఘాలుగా ఏర్పరచి, చెరువులు తవ్వి, రుణాలు ఇప్పించింది. పేద కుటుంబాలకు స్థిరమైన రాబడి కల్పించడం దాని ఉద్దేశం. 1980లలో ఆ సాగు లాభసాటి అని తేలాక పెట్టుబడిదారులు కౌలుకు తీసుకోవడం, పట్టా భూముల్లో వరి తీసి చెరువులు తవ్వడం జోరందుకున్నాయి. సరస్సు గర్భంలోకి కూడా గట్లు పాకాయి.

చెరువుల్లో ప్రధానంగా పెంచేవి శీలావతి (రోహు), బొచ్చె (కట్ల). ముందు చిన్న చెరువులో పిల్లలను ఒత్తుగా వదిలి, తక్కువ మేతతో ఏడాదిపాటు ఎదుగుదల అదిమి ఉంచుతారు. అలా ఉంచిన పిల్లను పెద్ద చెరువులో తగినంత ఎడంతో వదిలితే త్వరగా బరువెక్కుతుంది. ఈ ముదురు పిల్లను రైతులు ‘జీరో సైజు’ అంటారు.

మేత పెట్టే తీరు కొల్లేటి సీమకు ప్రత్యేకం. నూనె తీసిన తవుడును (రైతుల మాటలో డీవోబీ) వేరుశనగ చెక్కతోనో పత్తి చెక్కతోనో కలిపి ప్లాస్టిక్ గోనె సంచుల్లో నింపుతారు. సంచి అడుగున రెండు మూడు వరుసల్లో చిల్లులు పెడతారు. చెరువులో వరుసగా పాతిన వెదురు గడలకు ఆ సంచులను సగం మునిగేలా కడతారు. ఉదయం పూట కూలీ చిన్న పడవ మీద గడ నుంచి గడకు పోతూ నిండు సంచులు కట్టి, ఖాళీ సంచులు తీసుకొస్తాడు. చేపలు చిల్లుల దగ్గర మూగి మేతను లాక్కుంటాయి కాబట్టి తవుడు నీటిలో చెదిరి వృథా కాదు. ఎంత మేత మిగిలిందో సంచి చూస్తే తెలిసిపోతుంది. చేప మేత తగ్గించిందంటే నీటిలో ప్రాణవాయువు తగ్గిందనో జబ్బు సోకిందనో రైతు అనుమానించి నీరు మార్చడమో, సున్నం, మందులు వాడడమో చేస్తాడు.

పట్టుబడి రోజున వలలాగి, చేపలను బరువును బట్టి వేరుచేసి, నలగ్గొట్టిన ఐసు పొరల మధ్య పెట్టెల్లో పేర్చి లారీలకు ఎక్కిస్తారు. కైకలూరు, ఆకివీడు ఈ ఎగుమతికి ప్రధాన కేంద్రాలు. సరుకులో పెద్ద భాగం పశ్చిమ బెంగాల్‌లోని హౌరా మార్కెట్‌కు, అస్సాం తదితర ఈశాన్య రాష్ట్రాలకు పోతుంది. అక్కడి ధర, లారీ కిరాయి, మేత ఖర్చు ఈ మూడూ ఇక్కడి రైతు లాభనష్టాలను తేలుస్తాయి.

*రొయ్యలు.* 1990ల ఆరంభంలో టైగర్ రొయ్య ఈ ప్రాంతానికి వచ్చింది. ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వ్యాధి పెద్ద నష్టం తెచ్చింది. 2009 తరువాత వనామి రొయ్య సాగుకు అనుమతి రావడంతో మళ్లీ విస్తరించింది. ఉప్పునీరు వాడే చెరువుల పక్కన వరి పొలాలకు, తాగునీటి చెరువులకు చవుడు పాకడం వివాదాలకు కారణమవుతోంది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ చట్టం ద్వారా చెరువుల అనుమతులను, మేత, సీడు నాణ్యతను నియంత్రణ కిందికి తెచ్చింది.

కొల్లేరు అభయారణ్యం, చట్టం

1999 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. అప్పటి కృష్ణా జిల్లా నుంచి కైకలూరు, మండవల్లి మండలాలు ఇందులోకి వచ్చాయి. 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్ పట్టణంలో కుదిరిన చిత్తడి నేలల ఒప్పందం కింద 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది.

అభయారణ్యం పరిధిలో చేపల చెరువులు నిషిద్ధం. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ నివేదిక, కోర్టు ఆదేశాల నేపథ్యంలో 2005–06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువుల గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో తెగ్గొట్టారు. సరస్సులో నీటి పారకానికి దారి ఏర్పడింది. మరోవైపు చెరువు మీదే బతికిన కుటుంబాలకు ఉపాధి పోయింది. పట్టా భూములున్నవారు పరిహారం కోరారు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండ్ అప్పటి నుంచి కొనసాగుతోంది. దీనిని పరిశీలించడానికి కేంద్రం అజీజ్ కమిటీని నియమించింది. రాష్ట్ర శాసనసభ 2014లో కుదింపు కోరుతూ తీర్మానం చేసింది. కుదిస్తే వరదను ఇముడ్చుకునే జాగా తగ్గి చుట్టుపక్కల పొలాలే మునుగుతాయని పర్యావరణవేత్తల వాదన. హద్దులు నేల మీద స్పష్టంగా గుర్తిస్తే తమ పట్టా భూముల సంగతి తేలుతుందని రైతుల వాదన.

సరస్సుకు ఆనుకుని, సరస్సులో ఉన్న గ్రామాలను అధికారిక పత్రాల్లో 46 ‘బెడ్ గ్రామాలు’ (సరస్సు లోపలివి), 76 ‘బెల్ట్ గ్రామాలు’ (అంచున ఉన్నవి)గా విభజించారు. పక్కనే కైకలూరు మండలంలోని ఆటపాక పక్షి కేంద్రంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. శీతాకాలంలో వచ్చే వలస పక్షులు మండవల్లి వైపు పల్లాల్లో కూడా మేత వెతుక్కుంటాయి.

వరదలు, తాగునీరు

ఎగువన బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ఆ నీరు కొల్లేటికి చేరుతుంది. విజయవాడలో వాన ఆగిపోయాక మండవల్లి లంకల్లో ముంపు మొదలవడానికి కారణం ఇదే. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు, తరువాతి రోజుల్లో పెదఎడ్లగాడి దగ్గర నీటిమట్టం పెరిగి పెనుమాకలంక, నందిగామలంక వంటి గ్రామాల బాటలు మునిగాయి; కైకలూరు–ఏలూరు రోడ్డు మీద రాకపోకలకు అంతరాయం కలిగింది. అలాంటి రోజుల్లో లంకల నుంచి బయటికి రావడానికి పడవే ఆధారం.

చుట్టూ నీరున్నా తాగునీటికి ఇబ్బంది ఉంది. భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. అందుకే ప్రతి ఊరికీ మంచినీటి చెరువు ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేయడానికి ముందు దానిని కాలువ నీటితో నింపి, వడగట్టి సరఫరా చేస్తారు. చేపల చెరువుల నుంచి వదిలిన నీరు కాలువల్లో కలవకుండా చూడటం పంచాయతీలకు పెద్ద బాధ్యత.

రవాణా

165వ జాతీయ రహదారి పామర్రు, గుడివాడ, ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం పట్టణాలను, గ్రామాలను కలుపుతుంది. మండవల్లి, పుట్లచెరువు రైల్వేస్టేషన్లు గుడివాడ–భీమవరం మార్గంలో ఉన్నాయి. ఈ మార్గానికి రెండో లైను, విద్యుదీకరణ వచ్చాయి. కొల్లేటి లోపలి ఊళ్ల బాటలు ఎత్తైన గట్ల మీద సాగుతాయి. ఆ గట్ల కింద తూములు చాలినన్ని లేకపోతే బాటే వరదకు అడ్డుకట్ట అవుతుంది. కొత్త రోడ్డు వేసినప్పుడల్లా వంతెన ఎంత వెడల్పున కట్టాలన్న చర్చ రావడానికి కారణం అదే.

పాలన

మండవల్లి గ్రామ పంచాయతీ. మండల పరిషత్తు, తహసీల్దారు కార్యాలయాలు, పోలీసు స్టేషను ఇక్కడ ఉన్నాయి. రెవెన్యూపరంగా మండలం ఏలూరు డివిజన్‌లో ఉంది. శాసనసభకు కైకలూరు నియోజకవర్గంలో, లోక్‌సభకు ఏలూరు నియోజకవర్గంలో భాగం. కృష్ణా జిల్లాలో ఉన్నప్పుడు కూడా కైకలూరు సెగ్మెంటు ఏలూరు లోక్‌సభ కిందే ఉండేది. 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తు మాత్రం జిల్లాల విభజన తరువాత కూడా పాత కృష్ణా సరిహద్దులతోనే కొనసాగింది. కొల్లేటికి సంబంధించిన పనులు రెవెన్యూ, అటవీ, మత్స్య, జలవనరుల శాఖల మధ్య పంచుకుని ఉంటాయి. గట్టు తవ్వాలన్నా, డ్రెయిన్‌లో పూడిక తీయాలన్నా ఈ శాఖలన్నీ సమ్మతించాలి.

సమాజం, సంస్కృతి

మెరక ఊళ్లలో వ్యవసాయ కుటుంబాలు, కూలీలు, చేతివృత్తులవారు, లంకల్లో మత్స్యకార కుటుంబాలు అధికంగా ఉన్నారు. ఈ సీమలో ప్రధాన జాతర కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లు. ఫాల్గుణ శుద్ధ పాడ్యమి నుంచి పౌర్ణమి వరకు జరిగే ఈ ఉత్సవంలో జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణం ముఖ్య ఘట్టం. మండవల్లి లంకల ప్రజలు దీనిని తమ ఇంటి పండుగగా భావిస్తారు. బయటి ఊళ్లలో స్థిరపడినవారు ఆ రోజులకు వస్తారు. సంక్రాంతి నాటికి సార్వా ధాన్యం ఇంటికి చేరుతుంది. భోజనంలో వరి అన్నంతోపాటు చేపల పులుసుది ప్రధాన స్థానం. సహజంగా పెరిగిన కొరమీనుకు చెరువు చేప కంటే ఎక్కువ ధర పలుకుతుంది.

ప్రాముఖ్యం

మండవల్లి పెద్ద పుణ్యక్షేత్రం కాదు, రాజధానిగా ఉన్న ఊరు కాదు. అయినా డెల్టా సేద్యం, మంచినీటి చేపల సాగు, చిత్తడి నేలల రక్షణ ఈ మూడూ ఒకే మండలంలో ఎదురుపడటం అరుదు. 19వ శతాబ్దపు ఆనకట్ట కొల్లేటి అంచు దాకా వరి పొలాలను తెచ్చింది. 20వ శతాబ్ది చివరి పాతిక సంవత్సరాల్లో చెరువులు ఆ పొలాల్లోకి, సరస్సులోకి వచ్చాయి. 1999లో అభయారణ్య ప్రకటన సరస్సు హద్దును తిరిగి గీసింది. ఒక్కొక్క మార్పుకూ నీటిమట్టంలో కొద్ది అడుగుల తేడాయే ఆధారం. ఎగువన వాగుల్లో కురిసిన వానను కొల్లేరు ఇముడ్చుకోగలిగితే మెరక పొలంలో పంట నిలుస్తుంది, లంకకు దారి ఉంటుంది. అందుకు ఉప్పుటేరు పూడిక తీయడం, డ్రెయిన్లను కాపాడుకోవడం, హద్దులు న్యాయంగా తేల్చడం, మత్స్యకారులకు ఉపాధి భద్రత కల్పించడం కలిసి జరగాలి. వీటిలో ఏ ఒక్కటి వెనకబడినా మిగతావాటి ఫలితం తగ్గుతుందని ఈ మండలం గత 50 ఏళ్ల అనుభవం నిరూపించింది.